టన్నుకు తులం

2001 దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నా సంచిలో బట్టల మధ్య జాగ్రత్తగా చుట్టిన చిన్న గాజు గొట్టం ఒకటి ఉంది. అందులో వేలెడంత తీగ ముక్క. మందం మిల్లీమీటరు కూడా లేదు. సగం మామూలు రాగి తీగలా ఎర్రగా, గట్టిగా ఉంది. మిగతా సగాన్ని మా ప్రయోగశాలలో నిట్రిక్ యాసిడ్‌లో ముంచి, పైనున్న రాగిని కరిగించేశాను. రాగి పోయిన చోట వెయ్యికి పైగా తంతువులు విడివడి, బూడిదరంగు కుచ్చులా బయటికొచ్చాయి. పసిబిడ్డ పుట్టువెంట్రుకల కంటే సన్నం. ఒక్కోటి పది మైక్రాన్లు. మన తల వెంట్రుకను నిలువునా ఏడు చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో అంత.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మా క్వార్టర్ బాల్కనీ తూర్పు వైపు. నాయిన కళ్లజోడు పెట్టుకుని ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూశాడు.

"ఏం లోహం రా ఇది?"

"నయోబియం, టైటానియం కలిపింది నాయినా."

"నయోబియమా?" గొట్టం దించి నా మొహం చూశాడు. "మేం భట్టీల కిలోలకు కిలోలు ఏస్తం. దాన్ని గింత సన్నగ గుంజుతరా?"

ఆ మాట ఎందుకు గుర్తుండిపోయిందో చెప్పాలంటే, మా ఇంట్లో నాయిన పని గురించి ఒక్క మాటా వినపడేది కాదని ముందు చెప్పాలి. ప్రత్యేక లోహ మిశ్రమాలు చేసే ప్రభుత్వ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ 1973లో పుట్టింది. అందరం మిధానీ అంటాం. నాయిన నల్గొండ నుంచి వచ్చి 1980లో అందులో చేరాడు. కరిగించే షాపులో పని. అటు డీఎంఆర్‌ఎల్, ఇటు డీఆర్‌డీఎల్ అనే రక్షణ పరిశోధనాలయాలు, చుట్టూ ముళ్లకంచె వేసిన ఎత్తైన గోడలు. మేం ఆ గోడల నీడలో క్రికెట్ ఆడుకుంటూ పెరిగాం. కాలనీలో ఏ పిల్లవాడూ ఇంకో పిల్లవాణ్ణి మీ నాన్న ఏం చేస్తాడని అడిగేవాడు కాదు. అడగకూడదని ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు అంతే. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజు సాయంత్రం మాత్రం నాయిన మిఠాయి పొట్లం తెచ్చేవాడు. ఎందుకని అమ్మ అడిగేది కాదు, ఆయనా చెప్పేవాడు కాదు.

అలాంటి మనిషి ఆ రోజు బాల్కనీలో కుర్చీ లాక్కుని కూచుని నయోబియం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. విమానం ఇంజన్లకు వాడే నికెల్ మిశ్రమం ఒకటుంది, ప్రపంచమంతా 718 అంటారు. అందులో నయోబియం వందకు ఐదు పాళ్లు. అంటే టన్నుకు 50 కిలోలు. ఎర్రగా కాలినా ఆ మిశ్రమం మెత్తబడకుండా నిలబడేది దాని బలంతోనే. భట్టీలో గాలి లేకుండా చేసి, విద్యుత్తుతో కరిగించి, ఏది ఎప్పుడు వెయ్యాలో చూసి వెయ్యాలి. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న నాకు మా నాయిన పని ఏమిటో ఆ మధ్యాహ్నం మొదటిసారి తెలిసింది. కారణం నా చేతిలోని గొట్టం. నేనూ ఆ లోహంతోనే బతుకుతున్నానని ఆయనకు తెలిసింది.

ఇక నా పని. సూర్యుడిలో జరిగేది భూమ్మీద చేయాలని, హైడ్రోజన్ పరమాణువులను కలిపి, అంటే ఫ్యూజన్‌తో, శక్తి తీయాలని ప్రపంచంలో ఎందరో డెబ్బై ఏళ్లుగా పాటుపడుతున్నారు. కోట్ల డిగ్రీల వేడిలో ఆ హైడ్రోజన్ ప్లాస్మాగా మారుతుంది, దాన్ని ఏ పాత్రా పట్టలేదు. అయస్కాంత క్షేత్రమే పట్టాలి. టోకమాక్ అనే యంత్రంలో, గారె ఆకారంలో ఉన్న గదిలో, ప్లాస్మా గుండ్రంగా తిరుగుతుంది. దాని చుట్టూ నిలబడే తీగచుట్టలు కొన్ని. గారె మధ్య చిల్లులో నిలువుగా నిలబడే చుట్ట ఒకటి. అదే పల్స్ చుట్ట. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి. మధ్య చుట్ట ప్రైమరీ, ప్లాస్మాయే సెకండరీ. ప్రైమరీలో కరెంటు మారుతుంటేనే సెకండరీలో కరెంటు పుడుతుంది. కాబట్టి ఆ చుట్టలో కరెంటును ఎక్కించాలి, దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న ఐటర్ టోకమాక్‌లో ఈ మధ్య చుట్ట ఆరు మాడ్యూళ్లుగా ఒకదానిమీదొకటి పేర్చి ఉంటుంది. మొత్తం బరువు వెయ్యి టన్నులు, క్షేత్రం 13 టెస్లాలు.

ఇంత క్షేత్రం మామూలు రాగితో సాధిస్తే కరెంటంతా వేడిగా పోతుంది. అందుకే సూపర్‌కండక్టర్. మా చిన్న చుట్టల్లో వాడే నయోబియం-టైటానియాన్ని 9 కెల్విన్ల కిందికి చల్లబరిస్తే నిరోధం సున్నా. ద్రవ హీలియం ఇచ్చే 4.5 కెల్విన్ల చలిలో అది వేల ఆంపియర్లను ఒక్క వాటు నష్టం లేకుండా మోస్తుంది. అయితే ఒక షరతు. కరెంటు మారకుండా ఉండాలి. మార్చడం మొదలుపెట్టగానే ఈ లోహం ఎదురుతిరుగుతుంది. మారే క్షేత్రం ప్రతి తంతువులోనూ చిన్న చిన్న సుడి కరెంట్లను పుట్టిస్తుంది. తంతువు ఎంత లావైతే వాటివల్ల పుట్టే వేడి అంత ఎక్కువ. అందుకే పది మైక్రాన్లు. తంతువుకూ తంతువుకూ మధ్య రాగిలోంచి ఇంకో రకం కరెంట్లు దూకుతాయి. అందుకే తీగను మెలిపెట్టాలి. తీగకూ తీగకూ మధ్య కూడా దూకుతాయి. అందుకే మూడు తీగలు పేని, అలాంటివి మూడు మళ్లీ పేని, మా అవ్వ జడ అల్లినట్టు, తాడు పేనినట్టు అంచెలంచెలుగా కేబుల్ చేయాలి. ఆ కేబుల్‌ను ఉక్కు గొట్టంలోకి దూర్చి, తీగల మధ్య సందుల్లోంచి హీలియం పారిస్తారు. ఈ మొత్తం వ్యవస్థలో ఒక్క వాటు వేడి పుడితే దాన్ని బయటికి లాగడానికి గది ఉష్ణోగ్రతలో కొన్ని వందల వాట్ల కరెంటు ఖర్చవుతుంది.

మన దేశంలో ఇదంతా దగ్గరనుంచి చూసేందుకు ఒకే చోటు ఉండేది. గాంధీనగర్ దగ్గర భాట్ గ్రామంలోని ప్లాస్మా పరిశోధన సంస్థ కడుతున్న ఎస్‌ఎస్‌టీ-1. దాని కేబుల్‌లో 135 తీగలు. ఒక్కోటి 0.86 మిల్లీమీటర్లు. ప్లాస్మా చుట్టూ నిలబడే చుట్టలు పదహారు, పదివేల ఆంపియర్లు. ఆ లెక్కలు మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఎక్కాల్లా నోటికొచ్చేవి. నేను పనిచేసింది మాత్రం వేరే రాష్ట్రంలోని మరో చిన్న ప్రయోగశాలలో. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే తప్పు నాది, ఆ చోటుది కాదు.

2003లో నేను రూపకల్పన చేసిన చిన్న పల్స్ చుట్టను పరీక్షకు పెట్టాం. నాలుగు రోజులు చల్లబరిచాం. కరెంటును నెమ్మదిగా ఎక్కిస్తే చుట్ట చెక్కు చెదరకుండా నిలబడింది. అనుకున్న విలువ దాటి కూడా మోసింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు పల్స్ ఇచ్చాం. సగం దారి కూడా ఎక్కలేదు. అలారం మోగింది, వెంటనే సేఫ్టీ వాల్వు తెరుచుకుని హీలియం బుస్సుమంటూ పైకప్పు గొట్టంలోంచి బయటికి పోయింది. క్వెంచ్. అంటే ఎక్కడో ఒకచోట లోహం వేడెక్కి, సూపర్‌కండక్టింగ్ స్థితి తప్పి, మామూలు లోహమైపోయింది. అక్కణ్ణుంచి ఆ వేడి పక్కకు పాకుతూ పోతుంది. వెంటనే కనిపెట్టి, చుట్టలోని శక్తినంతా బయటి రెసిస్టరులోకి దించకపోతే తీగ కరిగిపోతుంది. మాది కరగలేదు, కనిపెట్టే సర్క్యూటు పనిచేసింది. పల్స్ చుట్టల్లో ఆ కనిపెట్టడమే కష్టం. కరెంటు మారేటప్పుడు చుట్ట సొంత ఇండక్టెన్స్ వల్లనే వోల్టేజి పెద్ద ఎత్తున లేస్తుంది. క్వెంచ్ తాలూకు వోల్టేజి దాని ముందు అణువంత. జాతరలో తప్పిపోయిన బిడ్డ ఏడుపును విని పట్టుకున్నట్టే.

మళ్లీ చల్లబరిచి మళ్లీ ఇచ్చాం. అదే చోట, అదే కరెంటు దగ్గర. మూడోసారీ అంతే.

రెండు నెలలు నా లెక్కలన్నీ తిరగేశాను. తప్పు చివరికి ఒక అంకె దగ్గర దొరికింది. తీగకూ తీగకూ మధ్య ఉండే నిరోధం. ఆ విలువను నేను వదులుగా పేనిన నమూనా మీద కొలిచి తీసుకున్నాను. కేబుల్‌ను గొట్టంలోకి దూర్చి నొక్కి బిగించాక తీగలు ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకున్నాయి. నిరోధం పడిపోయింది. కరెంట్లు ధారాళంగా దూకాయి. నేను వేసిన లెక్క కంటే వేడి ఎన్నో రెట్లు. కరెంటు నెమ్మదిగా మారినప్పుడు ఇదేదీ బయటపడదు, అందుకే మొదటి రోజు చప్పట్లు. ఐటర్ వాళ్లు నయోబియం-టైటానియం తీగల మీద రెండు మైక్రాన్ల మందాన నికెల్ పూత వేయించడం ఇందుకేనని నేను చదివే ఉన్నాను. చదవడం వేరు, నా చుట్ట దగ్గర నిలబడి ఆ బుస్సుమనే చప్పుడు వినడం వేరు. రెండో చుట్టకు పూత వేయించాం, మెలిక దూరం తగ్గించాం. ఏడాదిన్నర పట్టింది. అది పల్సును మోసింది.

ఆ ఏడాదిన్నరలో ఒకసారి ఇంటికొచ్చినప్పుడు జరిగిందంతా నాయినకు చెప్పాను. ఆయన ఏమీ సలహా ఇవ్వలేదు. "మాకూ హీట్ పోతది" అన్నాడు. కరిగించిన ప్రతి దఫానూ వాళ్లు హీట్ అంటారు. "పోయిన హీట్ కాడికి మర్నాడు మళ్ల పోయి నిలవడాలె. గదే కష్టం."

2005 డిసెంబరులో భారత్ ఐటర్‌లో చేరింది. మాకు అది పండుగ. కాని నాకు ఆ వార్త రెండోసారి, అసలైన అర్థంలో చేరింది కంచన్‌బాగ్‌లోనే, ఇంకో రెండు మూడేళ్లకు. నాయిన రిటైరవడానికి కొద్ది కాలమే ఉంది. భోజనం చేస్తూ చేస్తూ అన్నాడు: "మీ కుంపటికి ఉక్కు కరిగిస్తున్నం రా."

కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, గాంధీనగర్ ప్లాస్మా సంస్థ, మిధానీ కలిసి ఫ్యూజన్ రియాక్టర్ కోసం ఓ ప్రత్యేకమైన ఉక్కు తయారుచేస్తున్న రోజులవి. ప్లాస్మాను ఆనుకుని లోపలి గోడగా ఉండే బ్లాంకెట్‌కు అది కావాలి. ఫ్యూజన్‌లో పుట్టే న్యూట్రాన్లు 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చి ఆ గోడను కొడతాయి. కొట్టిన ప్రతి లోహాన్నీ ఎంతో కొంత రేడియోధార్మికం చేస్తాయి. ఏ లోహం ఎంతకాలం అలా ఉంటుందన్నదే ప్రశ్న.

పెద్ద బాయిలర్లలో వాడే 9 శాతం క్రోమియం ఉక్కు లోకంలో ఎప్పటినుంచో ఉంది. దానికి బలమిచ్చేవి ఒక శాతం మాలిబ్డినం, చిటికెడు నయోబియం. ఈ రెండింటినీ ఫ్యూజన్ గోడలోకి రానివ్వకూడదు. న్యూట్రాన్ తగిలిన నయోబియం నయోబియం-94గా మారితే, అది సగానికి తగ్గడానికే ఇరవై వేల ఏళ్లు. మాలిబ్డినం నుంచి పుట్టే టెక్నీషియం-99కి రెండు లక్షల ఏళ్లు. వాటి చోట టంగ్‌స్టన్, టాంటలం వేస్తే పని జరుగుతుంది. టాంటలం-182 సగం కావడానికి 114 రోజులు చాలు. అలా తయారైన ఉక్కు వందేళ్ల తర్వాతైనా మనిషి దగ్గరికి వెళ్లగలిగేలా చల్లబడుతుంది. మన వాళ్లు టంగ్‌స్టన్ ఎంత ఉండాలి, టాంటలం ఎంత ఉండాలి అని వేర్వేరు పాళ్లతో కరిగించి చూసి, చివరికి 1.4 శాతం టంగ్‌స్టన్, 0.06 శాతం టాంటలం దగ్గర స్థిరపడ్డారు.

వినడానికి ఇది వంటింటి మార్పులా ఉంటుంది, ఒక దినుసు తీసి ఇంకొకటి వేసినట్టు. నాయిన చెప్పాకే దాని బరువు తెలిసింది. నయోబియం వెయ్యకపోవడం సులువే. లేకుండా చెయ్యడమే కష్టం. హద్దు 0.001 శాతం. టన్ను ఉక్కులో పది గ్రాములు.

"తులం" అన్నాడు నాయిన. "టన్నుకు తులం. అంతకు మించొద్దు."

ఇరవై ఏళ్లుగా నయోబియాన్ని కిలోల లెక్కన చూసిన చేతులవి. భట్టీ లోపలి గోడ మెగ్నీషియా పొడితో దట్టించి కట్టింది. ఆ గోడ రంధ్రాల్లో పాత హీట్ల లోహం ఇంకి ఉంటుంది. కొత్త లోహం కరగగానే పాతది మెల్లగా బయటికి వచ్చి కలుస్తుంది. తుక్కు ఇనుము వేయడానికి లేదు, అందులో ఏముందో ఎవరికి తెలుసు. ఇనుము, క్రోమియం అన్నీ ఏరి కోరి తెచ్చిన శుద్ధమైనవే వేయాలి. నాయినతో పాతికేళ్లు కలిసి పనిచేసిన ఓ పెద్దాయన ఉండేవాడు. హాఫిజ్ బాబానగర్ ఆయనది, అందరూ ఉస్తాద్ అనేవారు. అలాంటి హీట్‌కు ముందు ఆయన "భట్టీకో నహ్లానా హై" అనేవాడట. భట్టీకి స్నానం చేయించాలి. గోడ కొత్తగా దట్టించి, శుభ్రమైన ఇనుము కరిగించి, అది గోడనంతా కడిగాక పారబోసి, ఆ తర్వాతే అసలు హీట్ ఎక్కించాలి. గాలి లేని భట్టీలో ఒకసారి కరిగాక ఆ కడ్డీని ఎలక్ట్రోడ్‌గా చేసి, మళ్లీ గాలి లేకుండానే ఆర్కు కింద బొట్టుబొట్టుగా కరిగిస్తారు. నీళ్లతో చల్లబడే రాగి పాత్రలో ఆ బొట్లు పేరుకుంటాయి. "శాంపుల్ ల్యాబుకు పోతది. రిపోర్టు వచ్చేదాంక ఉస్తాద్ చాయ్ గూడ తాగడు" అన్నాడు నాయిన.

అన్నం ముందు పెట్టుకుని నేను వింటూ కూచున్నాను. నా చుట్టలో నయోబియం లేకపోతే అయస్కాంతమే లేదు. ఆ చుట్ట కాపాడే గదిలో, మీటరు దూరంలో, అదే నయోబియం తులం మించితే విషం. ఆ మధ్య దూరాన్ని కాపాడేది మా కంచన్‌బాగ్‌లో మెగ్నీషియా పొడి దట్టించే నలుగురు. మా వృత్తిలో ఎన్నో సమావేశాల్లో కూచున్నాను, ఇంత సూటిగా ఎక్కడా వినలేదు. ఆ లోహం కూడా మా ఊరిదే. మౌలాలి దగ్గరున్న అణు ఇంధన సముదాయంలో నయోబియం, టాంటలం రెండూ తీస్తారు.

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది.

"నాయినా, ఆ ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటదా?"

"అంటుకోకుంటే గది తొమ్మిది క్రోమ్ ఎట్లయితది?"

నా గొంతులో ముద్ద దిగలేదు. చుట్టలు చేసేవాళ్లం క్షేత్రం ఎక్కడా అటుఇటు కాకూడదని ప్రాణం పెడతాం. ఆ క్షేత్రం లోపల టన్నుల కొద్దీ అయస్కాంతానికి లొంగే ఉక్కు పెడితే, అది తన చుట్టూ క్షేత్రాన్ని లాక్కుంటుంది. నేనొక్కణ్ణే కాదు, చాలామంది ఈ బెంగ పడ్డారు. 2009లో అమెరికా శాన్ డియెగోలోని డీ త్రీ-డీ టోకమాక్‌లో, బ్లాంకెట్ నమూనా ఉక్కు చేసే అలజడిని కాయిళ్లతో కల్పించి చూశారు. ప్లాస్మా తిరుగుడు నెమ్మదించింది, కాని అదుపు తప్పలేదు. ఆ ఫలితాలు చదివిన రోజు రాత్రి నేను ఇంటికి ఫోను చేసి, "మీ ఉక్కు వల్ల పెద్ద ఇబ్బంది లేదట" అన్నాను. "నాకు తెలుసు" అన్నాడు నాయిన. ఆయనకు ఆ ప్రయోగం గురించి తెలీదు. తన ఉక్కు గురించి తెలుసు.

2013 జూన్‌లో ఎస్‌ఎస్‌టీ-1లో తొలి ప్లాస్మా వెలిగింది. అప్పటికి నాయిన రిటైరయ్యాడు, సంతోష్‌నగర్ వైపు చిన్న ఇల్లు కట్టుకుని మారాం. సాయంత్రాలు మాత్రం ఆయన మిధానీ డిపో దాకా నడిచి వచ్చేవాడు. షిఫ్టు దిగే జనాన్ని చూసి, ఎవరైనా పాతవాళ్లు కనపడితే మాట్లాడి వచ్చేవాడు. ఉస్తాద్ అప్పటికి లేడు.

ఆ ఏడాదే మన ఉక్కు మీద కల్పాక్కం శాస్త్రవేత్తలు రాసిన వ్యాసం ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. నేను ప్రింటు తీసి తెచ్చాను. నాయిన ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. పేర్ల వరుస చూశాడు, శాస్త్రవేత్తలవి. కింద ఎక్కడో మిధానీ పేరు ఉందని చూపించాను. తల ఊపాడు. పేజీ తిప్పి పట్టిక దగ్గర ఆగాడు. ఏ మూలకం ఎంత శాతమో ఉంది అందులో. క్రోమియం, టంగ్‌స్టన్, టాంటలం, వెనేడియం. వేలితో ఒక్కొక్క గడి మీదుగా జరుపుకుంటూ పోయి, నయోబియం దగ్గర ఆపాడు.

"ఇది చదువు."

"0.001 లోపు."

ఇంట్లో పెన్సిలు ఎక్కడుందో వెతికి తెచ్చుకున్నాడు. దశాంశ బిందువు తర్వాత ఉన్న రెండు సున్నాల కింద మెల్లగా గీత గీశాడు. "ఇవి మావి" అన్నాడు. "ఉస్తాద్‌వీ, నావీ."